పేపర్ చుట్టని షాపు

మా నాన్నగారు బెజవాడలో ఖరీదైన మద్యం షాపు తెరిచినప్పుడు పెట్టిన నియమం ఒక్కటే: సీసాకి న్యూస్‌పేపర్ చుట్టకూడదు. "దొంగసొత్తేంటండీ, దాచుకుపోడానికి?" అని కస్టమర్లనే అడిగేవారు. ఏసీ, అద్దాల అరలు, మంచి సంచులతో పామర్రు దాకా షాపులు పెట్టారు. తాను మాత్రం చుక్క ముట్టలేదు. అయినా పెళ్ళిళ్ళలో చుట్టాలు ఆయన్ని "ఏదో బిజినెస్సండీ" అని పరిచయం చేసి మాట మార్చేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకి సరుకు వెళ్ళేది మా షాపు నుంచే.

మద్యం అమ్మకం ప్రభుత్వమే తీసుకోవడంతో మా షాపులన్నీ మూతపడ్డాయి. చివరిదానికి తాళం వేసిన సాయంత్రం నాన్నగారు నడిచి ఇంటికొచ్చారు. గేటు దగ్గర పక్కింటాయన పలకరించినా ఆగలేదు. చంకలో సీసా ఉంది. దానికి ఆయనే న్యూస్‌పేపర్ చుట్టుకున్నారు.