ఆదివారం ఉలవలు

యాభై ఏళ్లకు పైగా ఒక మాట నా గొంతుకి అడ్డంపడి ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. నాకు నోరెక్కువని పుట్టింట్లోనూ పేరే, అత్తింట్లోనూ పేరే. రేపల్లె బజారులో చేపలమ్మే ఆవిడ కూడా నాతో బేరమాడటానికి జంకేది. అలాంటిదాన్ని, ఒక్క మాట చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లయితే 'పోనిద్దూ, చిన్నతనం' అంటారు. ఆ ఓదార్పు నాకొద్దు.

నేనొక గుర్రాన్ని చంపాను. చంపి, ఆ పాపం మా మావగారి నెత్తిన పెట్టాను.

అరవైల చివర్లో సంగతి. పెళ్లయి తెనాలి వచ్చాను. అత్తగారు నేను రాకముందే పోయారు. మావగారు స్టేషను దగ్గర జట్కా తోలేవారు. మా ఆయనకి రేపల్లెలో బడిపంతులు ఉద్యోగం. శనివారం సాయంత్రం రైలుకి వచ్చి సోమవారం పొద్దున రైలుకి వెళ్లిపోయేవారు. తక్కిన రోజులు ఇంట్లో నేనూ, మావగారూ, చుక్కమ్మా.

చుక్కమ్మ అంటే గుర్రం. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్లటి చుక్క. నేను అప్పటిదాకా గేదెల మధ్య పెరిగినదాన్ని. మొదటిరోజు దాని పక్కన నిలబడి తలెత్తి చూశాను. అమ్మో, ఎంత ప్రాణి! ఒక్క తాపు తన్నిందంటే మా వంటపాక మిగలదు. అంత బలమున్నది, ఆ బక్కపలచటి ముసలాయన చేతిలో తోలుపట్టెకి ఎందుకు లోబడి ఉంటోంది? ఎవరు చెప్పారు దానికి లోబడమని? బెల్లంముక్క అరచేతిలో పెట్టి చాపాను. పెదవులతో, చెయ్యి తడిసిందో లేదో తెలియనంత మెత్తగా తీసుకుంది. నా ఒళ్లు జలదరించింది. చర్చిలో మోకాళ్లూనినప్పుడు కూడా నాకు అలా అనిపించేది కాదు. దేవుడు క్షమించాలి, నిజం చెబుతున్నాను.

మావగారి దగ్గర చర్నాకోల ఉండేది గానీ అది గుర్రం మీద పడేది కాదు. దాని కర్రని చక్రం ఆకులకి తగిలించేవారు. ఆ టకటక చప్పుడుకే చుక్కమ్మ పరుగందుకునేది.

ఆదివారం ఆయన బండి కట్టేవారు కాదు. మనకున్న విశ్రాంతి దానికీ ఉండాలనేవారు. ఆ రోజంతా దాన్ని నీడన కట్టేసి, కడుపునిండా ఉడికిన ఉలవలు పెట్టేవాళ్లం. ఉలవలు దానికి, ఉడికించిన నీళ్లు కాచి చారు మాకు. మా ఆయనకి ఆ చారులో మీగడ వేసుకుని తినకపోతే ఆదివారం ఆదివారం కాదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక సోమవారాలు చుక్కమ్మకి ఏదో అయ్యేది. బండి కట్టి వందడుగులు వెయ్యకముందే నిలబడిపోయేది. తొడలు చేత్తో తాకితే రోలులా గట్టిగా ఉండేవి. చెమట ధారలుగా కారేది. స్టేషను దగ్గర తోటి జట్కావాళ్లు, 'ఏం బాబాయ్, మీ చుక్కమ్మకి నిన్నటి ప్రార్థన ఇంకా అవలేదా' అని ఎగతాళి చేసేవారు. పక్కింటావిడ దిష్టి అంది. మావగారు దిష్టిని నమ్మేవారు కాదు. బాపట్ల నుంచి బదిలీ మీద వచ్చిన పశువుల డాక్టరు ఒకాయన ఉంటే వెళ్లి తీసుకొచ్చారు.

ఆయన కుర్రవాడు. గుర్రాన్ని నఖశిఖపర్యంతం తడిమి చూశాడు. సోమవారాలే ఎందుకొస్తోందని అడిగి, ఆదివారం సంగతి విని, తల పంకించాడు. ఇది కండరాల జబ్బేమోనని అనుమానం అన్నాడు. పనిలేని రోజున బలమైన దాణా పడితే మర్నాడు కదిలేసరికి కండరాలు పట్టేస్తాయట. ఆదివారం ఉలవలు బంద్, పచ్చగడ్డి, తవుడు చాలు, కట్టేసి ఉంచకుండా కాసేపు నడిపించండి అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. దీని మీదే అంతా ఆధారపడింది, మీరూ గుర్తుంచుకోండి. ఉలవలు తిని బిగుసుకుంటే ఒక్క అడుగు కూడా వేయించకూడదు, వేయిస్తే ప్రాణానికే ముప్పు. ఉలవలు మానేశాక కూడా బిగుసుకుంటే మాత్రం తన అనుమానం తప్పు, అది కీళ్లవాతం, మెల్లిగా నడిపిస్తేనే వదులుతుంది.

మావగారు నన్ను పిలిచి, ఆదివారం చారు కాచుకోమ్మా, ఉలవలు మాత్రం పక్కింటి గేదెకి పెట్టెయ్ అన్నారు. మూడు ఆదివారాలు అలాగే పెట్టాను. మూడు సోమవారాలు చుక్కమ్మ గాలిలా పోయింది. నాలుగో వారంలో కుళాయి దగ్గర పక్కింటావిడకీ నాకూ బిందెల వరస మీద తగువొచ్చింది. ఆవిడేమీ తక్కువది కాదు. 'నీ చప్పిడి ఉలవలు తిని నా గేదె గిద్దెడు పాలు కూడా ఎక్కువివ్వలేదులే, దానం చేసినట్టు పోజు' అంది. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మగవాళ్లిద్దరూ చర్చి పెద్దల మీటింగుకి వెళ్లారు. ఉడికిన ఉలవల బకెట్టు చేత్తో పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాను. దాని గేదెకి నా ఉలవలా? చచ్చినా పెట్టను. పారబోయడానికి చేతులు రాలేదు. అప్పుడే వెనక నుంచి చుక్కమ్మ ముక్కుపుటాలు అదిరేలా సన్నగా, లోపల్లోపలే పలికింది. ఉలవల వాసన తగిలితే అది అలాగే పిలిచేది. ఆ పిలుపుకి నేనెప్పుడూ నిలవలేకపోయేదాన్ని. దానిమీద జాలేనా అది? జాలి అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. పక్కింటిదాని మీద కచ్చ. బకెట్టు చుక్కమ్మ ముందు పెట్టాను. అడుగు కనిపించేదాకా తిని, నా భుజానికి మూతి తుడుచుకుంది.

మర్నాడు మా ఆయన సంచీ పట్టుకుని బండెక్కారు. వీధి మలుపు తిరక్కుండానే చుక్కమ్మ నిలబడిపోయింది. మావగారు దిగి తొడ మీద చెయ్యేశారు. వెనక్కి తిరిగి గుమ్మంలో ఉన్న నన్ను చూశారు.

"నిన్న చారు కాచిన ఉలవలు ఏం చేశావమ్మా?"

"పక్కింటి గేదెకి పెట్టానండి మావయ్యగారూ."

అంతే. అనుకుని చెప్పింది కాదు. నాలుక దానంతటదే తిరిగింది. మొగుడు వింటున్నాడని, కొత్త కోడల్ని కదా అని, ఏమో. గోడ అవతలే గేదె ఉంది, పక్కింటావిడ ఉంది. ఒక్క కేక వేసి అడిగితే తేలిపోయేది. ఆయన అడగలేదు. 'అయితే వాతమే' అని, కళ్లెం పట్టుకుని ముందు నడిచారు.

నేనూ వెనకాలే వెళ్లాను. అంతా నా కళ్లముందే జరిగింది. రాయిలా బిగిసిన కాళ్లతో ఆ గుర్రం నడిచింది. ఒక్కో అడుగుకీ ఒళ్లంతా వణుకుతోంది. అయినా ఆయన రమ్మన్నారని నడిచింది. కాలవ వంతెన ఎక్కే ముందు ఆగింది. అప్పుడు మావగారు చర్నాకోల ఎత్తారు. మొదటిసారి అది చక్రానికి తగల్లేదు. చుక్కమ్మ తల తిప్పి ఆయన్ని చూసి, ఇంకో పదడుగులు వేసింది. 'ఆపండి' అని నేను అరవాలి. వీధంతా అదిరేలా అరవగల గొంతు నాది. రాలేదు. వంతెన మీద అది కూలిపోయింది. కింద పారిన మూత్రం కాఫీ డికాషను రంగులో ఉంది.

డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. చూస్తూనే, ఉలవలు పెట్టారా అని అడిగాడు. మావగారు, "లేదండి. మా కోడలు అబద్ధమాడదండి" అన్నారు. డాక్టరు నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఇంకేమీ అడగకుండా సూది తీశాడు.

పదిమంది కలిసి బల్లబండి మీద ఇంటికి చేర్చారు. రెండు రోజులు పడుకునే ఉంది. మూడోరోజు పొద్దున నేను నీళ్లు పట్టుకెళ్లాను. నన్ను చూసి లేచింది. ఎలా లేచిందో నాకిప్పటికీ తెలియదు. డాక్టరు లేవదన్నాడు. ముందుకాళ్లు చాపి, ఆగి, మళ్లీ ఊపిరి బిగబట్టి, అంత శరీరాన్నీ నేలమీంచి పెకలించుకుని లేచి నిలబడింది. నిలబడి, ముక్కుపుటాలు అదిరేలా సన్నగా, నన్ను పిలిచింది. ఉలవల పిలుపే. నా చేతిలో ఉలవల్లేవు. నేను చేసిందేమిటో దానికి తెలియదు. తెలిసినా పిలిచేదేనేమో. బకెట్టు వదిలేసి నేలమీద కూలబడ్డాను. నా జీవితంలో దేవుడి సన్నిధి అంటూ ఒకటి చూసి ఉంటే, అది ఆ పెంటకుప్ప పక్కన చూశాను. ఆ మధ్యాహ్నమే చుక్కమ్మ పోయింది.

తరవాతి ఆదివారం చర్చిలో మావగారు లేచి నిలబడ్డారు. నోరులేని జీవం నొప్పని చెబుతుంటే వినకుండా కొట్టి చంపానని సంఘం ముందు ఏడ్చారు. నేను ఆడవాళ్లవైపు చాప మీద కూర్చుని ఉన్నాను. నా పాపాన్ని ఆయన ఒప్పుకుంటుంటే విన్నాను. నా పక్కనావిడ కళ్లు తుడుచుకుంటూ, ఎంత మంచి మనిషో అంది. నేను ఔనన్నాను.

ఆయన మళ్లీ బండి కట్టలేదు. మాతోపాటు రేపల్లె వచ్చేశారు. దారిలో జట్కా ఎదురైతే పక్కకి తప్పుకుని, అది వెళ్లేదాకా నిలబడేవారు. డెబ్భైల్లో మంచాన పడ్డారు. నేనే చేశాను అన్నీ, ఏడు నెలలు. అన్నం కలిపి పెట్టే ప్రతి పూటా ఆ మాట నోటిదాకా వచ్చేది. ఆయన, నువ్వు నా కూతురివమ్మా అనేవారు. ఇంకేం చెప్పను? చెప్పి ఉంటే ఆయన గుండె తేలికపడి పోయేవారు కదా. నా మీద నమ్మకాన్ని నిలుపుకోవడానికి ఆయన మీది భారాన్ని దించలేదు. గుర్రాన్ని చంపింది నా కోపం. ఈ మాట దాచింది నా కోపం కాదు, నేనే.

మా ఇంట్లో ఉలవచారు కాయరు. నాకు పడదని పిల్లలు అనుకుంటారు. మా ఆయన కూడా అలాగే అనుకుని, ఇష్టమైంది మానుకుని, పోయారు.

క్షమించమని ఎవర్నీ అడగను. క్షమించాల్సిన మావగారూ లేరు, చుక్కమ్మా లేదు. ఆ సోమవారం గుమ్మంలో అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు బాకీ ఉంది. ఇదిగో, గొంతు పెగిలింది, వినండి.

పక్కింటి గేదెకి కాదండి మావయ్యగారూ. చుక్కమ్మకే పెట్టాను.