ఆలయానికి రంగులు

గుణదలలో ఉండే ఆరోన్‌కి నలభై ఐదేళ్లు దాటాక కండలు పెంచాలన్న కోరిక పుట్టింది. దానికి కారణం క్రిస్మస్ విందు. కొత్త కోటు బొత్తాం పెట్టుకోబోతే అది తెగి ఎగిరి, ఎదురుగా కూర్చున్న పాస్టరమ్మ గారి బిర్యానీలో పడింది. ఆవిడ నవ్వకుండా దాన్ని తీసి, తుడిచి, తిరిగిచ్చారు. ఆ నవ్వకపోవడమే ఆరోన్‌ని కుంగదీసింది.

కొత్త సంవత్సరం రాగానే బెంజ్ సర్కిల్‌లో తన ఇన్సూరెన్స్ ఆఫీసు పక్కనే ఉన్న జిమ్‌లో చేరాడు. నడిపేది వసీం అనే కుర్రాడు. వేసవికల్లా ఆరోన్ పొట్ట లోపలికి పోయింది, ఛాతీ బయటికి వచ్చింది. అద్దం ముందు నిలబడే సమయం కూడా పెరిగింది. గుడ్ ఫ్రైడే నాడు ఒక్కపూట తినకపోతే కళ్లు తిరుగుతాయనే మనిషి, ఇప్పుడు రోజూ మధ్యాహ్నం దాకా మంచినీళ్లతో ఉంటున్నాడు.

"ఎలాగూ పస్తులుంటున్నారు, ఆ పూట కాస్త ప్రార్థన కూడా చేసుకోవచ్చుగా" అంది భార్య వినీల.

"శరీరం దేవుడి ఆలయమే కదా. బాగుచేసుకోవద్దా?"

"రంగులు వేస్తూనే ఉన్నారు. లోపల ఆరాధన ఎప్పుడండీ?"

ఆరోన్ గుడ్ల తెల్లసొన తినేసి లేచిపోయాడు. ఆదివారాలు కూడా సైకిల్ బృందంతో కృష్ణా కరకట్ట మీదికి పోవడం మొదలయ్యాక, చర్చిలో అతని కుర్చీ వేరేవాళ్లకి అలవాటైపోయింది.

ఒక ఆదివారం, చిన్నప్పుడు తనకి సండే స్కూల్ చెప్పిన ఏసుపాదం మాస్టారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారని తెలిసింది. వినీల సూపు కాచి క్యారేజీ చేతికిచ్చింది. సైకిల్ తొక్కే బిగుతు బనీనుతోనే వెళ్లాడు.

మాస్టారి భార్య సువార్తమ్మ గారు, "బాబూ, ఈయన్ని కాస్త కుర్చీలోకి మార్చగలవా" అన్నారు. ఆరోన్ మాస్టారిని పసిపిల్లాడిలా ఎత్తి కూర్చోబెట్టాడు. నెలల తరబడి మోసిన బరువులకు ఇవాళ అర్థం దొరికిందనుకున్నాడు. ఆవిడ మెచ్చుకుంటుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కండలు కనబడేలా.

"ఒక చిన్న ప్రార్థన చెయ్యి నాయనా" అన్నారు మాస్టారు.

ఆరోన్ కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా" అన్నాడు. తర్వాతి మాట రాలేదు. ఎంత వెతికినా లోపల ఏమీ తగల్లేదు. "మాస్టారు నీళ్లు బాగా తాగేలా... ప్రోటీను సరిగ్గా అందేలా... వీపు నిటారుగా ఉంచుకునేలా..." అని ఆగిపోయాడు.

సువార్తమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మాస్టారు మాత్రం గంభీరంగా "ఆమెన్" అని, తనే ప్రార్థన అందుకున్నారు. ఆరోన్ ఆఫీసు గురించి దేవుణ్ణి వేడుకున్నారు. వినీల మోకాలి నొప్పి గురించి, పిల్లల చదువుల గురించి ఒక్కొక్కరి పేరూ చెప్పి వేడుకున్నారు. తన తుంటి సంగతి ఎక్కడా ఎత్తలేదు. అది ఇవాళ పుట్టిన ప్రార్థన కాదని, రోజూ చేస్తున్నదేనని ఆరోన్‌కి తెలుస్తూనే ఉంది. భార్య మోకాలు నొప్పెడుతోందన్న సంగతి మాత్రం అతనికి అప్పుడే తెలిసింది.

మర్నాటి నుంచి పొద్దున్నే మాస్టారింటికి వెళ్లసాగాడు. ఆయన్ని కుర్చీలోకి మార్చడం, బైబిలు వాక్యం చదివి వినిపించడం, తడబడుతూ ప్రార్థించడం. మొదట్లో ఆ ప్రార్థనలు ఆఫీసు ఉత్తరాల్లా ఉండేవి. మాస్టారు తప్పులు దిద్దేవారు కాదు, ఓపిగ్గా ఆమెన్ అనేవారు.

కొన్నాళ్లకి వసీం ఫోన్ చేశాడు. "సార్, చేతులు సన్నబడిపోతాయి. పొద్దున్న రావట్లేదేం?"

ఆరోన్ సిగ్గుపడుతూనే చెప్పాడు, ప్రార్థన నేర్చుకుంటున్నానని.

"ముందే చెప్పొచ్చుగా సార్" అన్నాడు వసీం. "నేనూ నమాజు అయ్యాకే జిమ్ తలుపు తీస్తాను. సాయంత్రం రండి."

ఇప్పుడు సాయంత్రాలు వెళ్తున్నాడు, వీలున్నప్పుడు. పొట్ట కొద్దిగా తిరిగొచ్చింది. మాస్టారు చేతికర్రతో వాకిలి దాకా నడుస్తున్నారు. మొన్న వాళ్లింట్లో జరిగిన కూడికలో ప్రార్థన ఆరోన్‌కే అప్పగించారు. వినీల తలవంచుకుని విన్నది. తన మోకాలి ప్రస్తావన వచ్చినప్పుడు ఒక్కసారి కళ్లు తెరిచి మొగుడి వంక చూసి, మళ్లీ మూసుకుంది.