రాంచందర్ సారు నెత్తి మీద చెయ్యి

రాంచందర్ సారును కూర్చోబెట్టగల కుర్చీ సిరిసిల్లలో ఇంకా తయారు కాలేదు. ఆయన బడిలో వ్యాయామం సారు, ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్. మ్యాచ్ మొదలైతే చాలు, గీత పక్కన ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంటాడు. అరుస్తాడు, విజిల్ ఉందో లేదోనని జేబు తడుముకుంటాడు. ఆట బిగిసేకొద్దీ కుడిచెయ్యి దానంతటదే లేచి బట్టతలను నిమురుతుంది. అక్కడ ఒకప్పుడు జుట్టుండేదనీ, ఈ నిమురుడుకే రాలిపోయిందనీ ఆయన భార్య రోజారాణి అంటుంది.

జట్టు మంచిదే. వచ్చిన చిక్కల్లా చివర్లోనే. ఏటా ఫైనల్ దాకా రావడం, ముప్పావు ఆట ముందుండి ఆఖరి నిమిషాల్లో ఓడిపోవడం. పిల్లలకు దమ్ము చాలడం లేదేమోనని సారు గుడ్లు తినిపించాడు. కలిసి ఆడటం లేదేమోనని రోజూ పొద్దున్నే ఉపన్యాసం ఇచ్చాడు. "బంతి ఒక్కల చేతిలనే ఉంటె అది ఆట గాదు బిడ్డా, తమాషా" అనేవాడు. పిల్లలు బుద్ధిగా తలూపేవారు. మళ్లీ ఓడిపోయేవారు.

ఈసారి ఆయనకు అన్నం సయించలేదు. నవ్యశ్రీ, సృజన పదో తరగతికి వచ్చారు. ఇద్దరూ ఆరో తరగతిలో ఉన్నప్పుడు "మిమ్ముల రాష్ట్రం పోటీలకు తీస్కపోత" అని మాటిచ్చాడు. ఇప్పుడు ఓడితే ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇంకో ఏడాది లేదు.

ఫైనల్ కరీంనగర్‌లో, మంచిర్యాల పిల్లలతో. మొదట్లో మనవాళ్లే ముందున్నారు. తేడా తగ్గడం మొదలైంది. సారు చెయ్యి నెత్తికెక్కింది. చూస్తుండగానే లెక్క సమానమైపోయింది. సారు టైమవుట్ అడిగాడు.

"మధ్యల మధ్యల రాయి లెక్క ఆగుతున్నరేందే?" అన్నాడు రొప్పుతూ.

"మీరే గద సార్ ఆగుమంటున్నరు" అంది నవ్యశ్రీ.

"నేనా? ఎప్పుడన్న?"

"నెత్తి మీద చెయ్యి పెడ్తున్నరు గద. పోగు తెగితె మా అవ్వ గట్లనే పెడ్తది. బాపు చూసి సాంచ ఆపుతడు."

నవ్యశ్రీ అమ్మానాన్నలిద్దరూ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతారు. జట్టులో అందరివీ అవే ఇళ్లు. ఆ చప్పుడులో పక్కవాళ్ల మాట కూడా వినపడదు. ఏ కబురైనా చేత్తోనే. సారుది మంథని దగ్గర వరి పండించే ఇల్లు. పొలంలో ఈ గట్టు మీద అరిస్తే ఆ గట్టుకు వినపడుతుంది.

"మరి నేను ఉరుకుండ్రి ఉరుకుండ్రి అని మొత్తుకుంటున్న గదనే?"

"గీ లొల్లిల ఎవలికి ఇనపడ్తది సార్? మేం చేతులే చూస్తం."

సృజన నెమ్మదిగా అందుకుంది. "నాలుగేండ్లసంది గది మీ ప్లానే అనుకున్నం సార్."

"ఓడిపోయే ప్లానా?"

"అడిగితె కోపానికొస్తరని అడగలే."

ఏళ్ల తరబడి తాను ఎవరి దమ్మును తిట్టాడో, ఎవరికి గుడ్లు తినిపించాడో తలుచుకుంటే సారు ముఖం మాడిపోయింది. "ఇగ నా దిక్కు చూడకుండ్రి. మీరు మీరు చూస్కోండ్రి" అని పంపేశాడు.

చూడొద్దంటే మాత్రం అలవాటు పోతుందా? ఆయన చేతులు చంకల్లో బిగించుకున్నాడు. మరుక్షణమే నెత్తి మీద చీమలు పాకినట్టయింది. చెయ్యి సగం దాకా లేచింది. ఐదు ముఖాలూ ఇటు తిరిగాయి. చటుక్కున దించేశాడు. ఇక ఆట అయిపోవస్తుందనగా సృజన కింద పడింది. సారు కంగారులో ఒక్క ఎగురు ఎగిరాడు. ప్యాంటు గుండీ టప్పున తెగి ఎగిరిపోయింది.

ఆ ప్యాంటు ఆయన సన్నగా ఉన్నప్పటిది. బిగుతే కదా అని బెల్టు పెట్టుకోలేదు. ఇప్పుడది జారుతోంది. రెండు చేతులా నడుం దగ్గర పట్టుకుని, వంద మంది ముందు నిలబడ్డాడు. తల దురదతో మండిపోతోంది. కదిలే వీలు లేదు.

ఆఖరి బంతి నవ్యశ్రీ చేతిలో ఉంది. అలవాటుగా సారు వైపు చూసింది. సారు చేతులు నడుం మీదే ఉన్నాయి. ఆగమన్న కబురు లేదు. లేచి నిలబడ్డ సృజనకు, నువ్వందుకో అన్నట్టు రెండు వేళ్లు చూపి బంతి విసిరింది. సృజన అందుకుని వేసింది. పడింది. గెలిచారు.

ఫొటో తీసేవాడు "సార్, చేతులు పైకి లేపుండ్రి" అన్నాడు.

"నేను గిట్లనే దిగుత" అన్నాడు సారు. ఫొటోలో పిల్లలంతా చేతులెత్తి ఉంటే, ఆయన ఒక్కడూ కుస్తీకి వచ్చినవాడిలా నడుం పట్టుకుని ఉన్నాడు.

తిరుగు బస్సులో ఆయనకు సీటు దొరికినా కూర్చోలేదు, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు. సంతోషమే, కానీ లోపల ఏదో తొలుస్తోంది. తన చేతులు కట్టేస్తేనే గెలిచే జట్టుకు తనతో ఏం పని? వెనక సీట్లో గుసగుసలు నడిచాయి. నవ్యశ్రీ ముందుకు వంగింది.

"సార్, రాష్ట్రం పోటీలకు గూడ గదే ప్యాంటు ఏస్కస్తరా?"

"నోర్ముయ్యే" అన్నాడు సారు. బస్సంతా నవ్వింది.

మర్నాడు రోజారాణి సూదిలో దారం ఎక్కిస్తుంటే ఆయన అక్కడక్కడే తిరిగాడు.

"గీసారి తెగకుండ నాలుగు వరుసలు ఏస్త" అందామె.

సారు చెయ్యి నెత్తి దాకా వెళ్లి ఆగింది.

"వద్దు" అన్నాడు. "జర వదులుగనే కుట్టు."