రెండు గీతలు తక్కువ

మాస్టారు పోయిన కబురు మా ఇంటికి ఐసు బేరంగా వచ్చింది. మా తమ్ముడు నర్సాపురం నుంచి ఐసు దిమ్మలు తెచ్చి అంతర్వేదిలో వేట పడవలకి అమ్ముతాడు. సెలవులకి పుట్టింట్లో ఉన్నాను. పొద్దున్నే వాడు గుమ్మంలో నిలబడి, "అక్కా, రాజోలు నుంచి మనిషొచ్చేడు. మీ సైన్సు మాస్టారు పోయేరంట. పెద్దమ్మాయి గారు భిలాయి నుంచి రావాలంట, అందాకా ఉంచడానికి ఐసు కావాలంటన్నారు" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఒక్క మాట బాకీ పెట్టి వెళ్ళిపోయారాయన. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచి చాలానే ఉంది, అదీ రాస్తాను. కానీ రెండోది దాచి మొదటిదే రాస్తే ఆయన పాఠం నాకు ఒంటబట్టలేదన్నమాట.

మా హైస్కూల్లో ఆయన ఫిజిక్సు చెప్పేవారు. సైకిలు హ్యాండిలుకి పుస్తకాల సంచి ఒకవైపు, కొబ్బరిబొండం ఒకవైపు వేలాడదీసుకుని వచ్చేవారు. బొండానికి మేకుతో సన్నని చిల్లు పెట్టి బోర్లించేవారు. చుక్క రాలేది కాదు. రెండో చిల్లు పెట్టగానే ధార కట్టేది.

"ఇందాకా నీళ్ళని ఆపిందెవరర్రా?"

"గాలండీ!"

"నేను చెప్పేనని అంటన్నారా, చూసి అంటన్నారా?"

ఇదీ ఆయన మాట. రోజుకి ఒకసారైనా అనకుండా ఉండేవారు కాదు. ఆ తర్వాత మిగిలిన నీళ్ళు ఆ పూట ఎవరు అన్నం తినకుండా వచ్చారో వాళ్ళకిచ్చేవారు. ఎవరు తినలేదో ఎలా తెలిసేదో మాకెప్పుడూ తెలియలేదు. ఒత్తిడి పాఠం రోజున మమ్మల్ని ఊడ్పులైన చేలోకి తీసుకెళ్ళి, ఉత్త కాళ్ళతో ఒకసారి, చెక్క వేసుకుని ఒకసారి నిలబెట్టారు. మోకాలిదాకా దిగిపోయిన నన్ను ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. ఒంటికి బురద పట్టిన ఆ పాఠం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

స్కూలు మొత్తానికి ఒకటే థర్మామీటరు. రేకు గొట్టంలో దూది చుట్టి దాచేవారు. ఒకరోజు నీళ్ళు మరిగించి అందులో పెట్టి, ఎంతుందో చూసి చెప్పమన్నారు. మగపిల్లలంతా చూడకుండానే "వందండీ" అన్నారు, పుస్తకంలో అలా ఉంది కనుక. నేను వంగి చూసి "తొంభై ఎనిమిదండి" అన్నాను. ఆయన వచ్చి చూశారు. నేనన్నది నిజమే.

"కొండల మీదైతే తక్కువకే మరుగుతాయి. మనం సముద్రం పక్కనున్నాం. ఇక్కడ వందకి మరక్కపోతే ఇంకెక్కడ మరుగుతాయర్రా?" అంటూ బుర్ర గోక్కున్నారు.

"కరిగే ఐసు సున్నా అన్నారు కదండీ. అందులో పెట్టి చూద్దామాండి?" అన్నాను. మర్నాడు మా నాన్న గోనెసంచిలో, ఊకలో కప్పి ఐసుముక్క తెచ్చిపెట్టాడు. థర్మామీటరు సున్నాకి రెండు గీతలు కిందే నిలబడింది. దాంతో తప్పు నీళ్ళది కాదని తేలిపోయింది. మాస్టారు బల్ల మీద చరిచి, "దొంగని పట్టేసిందర్రా!" అన్నారు. ఐసు ఇంకా కరుగుతూనే ఉంది. "కరిగినంతసేపూ దీని డిగ్రీ మారదు. ఎంత వేడి తగిలినా కరగడానికే సరిపోద్ది" అని ఆ ముక్క పూర్తిగా నీళ్ళయ్యేదాకా మమ్మల్ని కూర్చోబెట్టి చూపించారు.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చారు. "ఈ పిల్ల ఫిజిక్సు చదవాలండీ. చదివించాలి" అన్నారు. పదో తరగతి అవ్వగానే పెళ్ళి చేద్దామనుకుంటున్న మా నాన్న చేతులు కట్టుకుని, "ఆయ్, తమరంత వారు చెప్పేక కాదంటానాండీ" అన్నాడు. ఆ రాత్రి నేను కాలేజీకి వెళ్ళిపోయినట్టే పడుకున్నాను.

కొన్నాళ్ళకి ఇన్‌స్పెక్షను జరిగింది. మాస్టారు అదే నీళ్ళు మరిగించే ప్రయోగం పెట్టారు. ఇన్‌స్పెక్టరుగారు నన్నే లేపి చదవమన్నారు. తొంభై ఎనిమిదన్నాను. సరిగ్గా చూడమన్నారు. "తొంభై ఎనిమిదేనండి. మా థర్మామీటరు రెండు గీతలు తక్కువ చూపిస్తుందండి" అన్నాను.

ఇన్‌స్పెక్టరుగారు నవ్వారు. "థర్మామీటరుదే తప్పంటావు! ఏమండీ మాస్టారూ?"

నేను మాస్టారి వంక ధైర్యంగా చూశాను. ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నారు.

"లేదండి. పిల్లకి చూడ్డం రాలేదండి. చేపలోళ్ళ పిల్లండి, ఇప్పుడిప్పుడే దార్లో పడతందండి" అని వంగి చూసి, "వందేనండి" అన్నారు.

క్లాసంతా గొల్లుమంది. ఐసు చూసినవాళ్ళు, బల్ల చరిచినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళే నవ్వారు.

ఆయన తరఫున నేనే ఎన్నోసార్లు వాదించుకున్నాను. ఆ ఏడాదే ఆయన ఉద్యోగం పర్మనెంటు కావాలి. పాడైన సామానుతో పాఠం చెబుతున్నారని పైకి రాస్తే అంతే సంగతులు. అన్నీ నిజమే. కానీ ఆయన తాత కూడా కూలికి వెళ్ళిన మనిషే, అలాంటి మాట ఎక్కడ తగులుతుందో ఆయనకి తెలుసు. తెలిసీ అన్నారు.

మాట మా నాన్న దాకా వెళ్ళింది. "చూడ్డమే రాలేదంట కదే. మాస్టారే అన్నారంట" అన్నాడు. మాస్టారు మళ్ళీ మా ఇంటికి రాలేదు. నేను ఏడ్చి, తిండి మానేసి కాలేజీలో చేరాను గానీ, ఫిజిక్సు అడిగే మొహం లేకపోయింది. తెలుగు టీచర్నయ్యాను. నా క్లాసులో కూడా పిల్లల్ని "చూసి అంటున్నారా?" అనే అడుగుతాను. ఆ మాట ఆయనదని వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు.

ఐసు వ్యానులో నేనూ వెళ్ళాను. దిమ్మలు పరిచి ఆయన్ని పైన పడుకోబెట్టారు. చర్చివాళ్ళు పాటలు పాడుతున్నారు. పాస్టరుగారు ఎవరైనా రెండు మాటలు చెప్పమంటే, నా తర్వాత చాలా ఏళ్ళకి చదివిన కుర్రాడు లేచాడు.

"ప్రతి ఏడూ చెప్పేవారండీ. ఈ థర్మామీటరుకి రెండు గీతలు కలుపుకోండర్రా, అంతర్వేది పిల్ల ఒకత్తి ఐసు తెచ్చి పట్టేసింది, దానంత చూపు నాకూ లేదు అనేవారండీ."

నా ఒళ్ళు మండిపోయింది. ప్రతి ఏడూ చెప్పారట! అడిగిన ఇన్‌స్పెక్టరు లేని చోట, ఉద్యోగం గట్టిపడ్డాక, నేను తప్ప అందరికీ చెప్పారు.

తమ్ముడు నా భుజం తట్టడం మాస్టారి భార్య చూశారు. దగ్గరికి పిలిచారు.

"నువ్వేనామ్మా ఆ పిల్లవి?"

"ఆయ్, నేనేనండి."

"ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదమ్మా. వెళ్ళి ఆ పిల్లకి చెప్పండి, తప్పయ్యిందనండి అని పోరేను. చెప్పేసేనన్నారు." ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "చెప్పేరు కదమ్మా?"

ఆయన మొహం అక్కడే ఉంది, జేనెడు దూరంలో. నేను చూసింది చూసినట్టు చెప్పాలి. ఆవిడ కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి.

"చెప్పేరండి" అన్నాను.

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి నా చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. మొత్తానికి నా చేత కూడా వంద అనిపించేశారు మాస్టారు.

"మా పెద్దపిల్ల రేపటిగ్గానీ దిగదు. ఇది అందాకా చల్లగా ఉంటదామ్మా?" అని అడిగారు.

"కరిగినంతసేపూ డిగ్రీ మారదండి" అన్నాను.

ఊక కలిసిన నీళ్ళు మంచం కింద నుంచి పాకి నా పాదాలని తాకాయి. నేను పక్కకి జరగలేదు.