బొమ్మల గదిలో చీకటి

మా తజిమి ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూ కనబడితే అవి ఆనందబాష్పాలని ఎవరూ అనుకోరు. చెక్కపలకల జిగురు ఘాటని అందరికీ తెలుసు. అలాంటి ఇళ్లలో నేను గోడలకు కాగితం అంటించేవాణ్ణి. నా వెనకే షిగెమి వచ్చి దానిమీద వెలుతురు పూత చల్లేది.

వయసులో ఉన్నన్నాళ్లూ ఆవిడ ప్లైవుడ్ కార్ఖానాలో జిగురు పూసింది. తలనొప్పి భరించలేక మానేసి, ఆ జిగురు మీద పగ తీర్చుకోవడానికే ఈ పనిలో చేరానని చెప్పేది. ఆవిడకు ముక్కూ చురుకే, ముక్కు మీద కోపమూ చురుకే. పూత అంటే నీళ్లలాంటి పల్చటి మందు, ఆరితే కంటికి కనబడదు. దానిమీద వెలుతురు పడితే, గోడను తాకిన ఘాటంతా మెల్లగా విరిగిపోతుంది.

"ఏం చల్లారో ఏమీ కనబడటం లేదే" అని ఇంటివాళ్లు అనుమానపడితే ఆవిడకు ఒళ్లు మండేది.

"కనబడక్కర్లేదు, పనిచేస్తే చాలు. వెలుతురు దీనికి అన్నం. పస్తు పెట్టారంటే మాత్రం నన్ననకండి."

ఆ మాట నేను ఎన్ని ఇళ్లలో విన్నానో చెప్పలేను. ఆవిడ కోడలు చిహయ కూడా వినే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో అత్తగారి వెంట, నేలమీద పూత పడకుండా పరదాలు పరిచే పనికి వచ్చేది. నోట్లో నాలుక లేని పిల్ల.

షిగెమి కొడుకు కోహెయ్ ఊరి చివర సొంత ఇల్లు కట్టుకున్నాడు. అందులో చేరాక మనవరాలు నానావోకు దగ్గు పట్టుకుంది. షిగెమి వెళ్లి ప్రతి గదికీ పూత చల్లింది. చలికాలం మధ్యకల్లా దగ్గు తగ్గింది. ఇక ఆవిడ గొప్పలు చూడాలి. పని దగ్గర మేమంతా చెవుల్లో దూది పెట్టుకోవలసి వచ్చింది.

మార్చి మూడున వచ్చే ఆడపిల్లల పండగ కోసం ఫిబ్రవరిలోనే బొమ్మల కొలువు పెట్టారు. అవి షిగెమి తల్లి నాటి బొమ్మలు, రాజూ రాణీ, పరివారం, అన్నిటికీ పాత పట్టుబట్టలు. ఎర్రగుడ్డ పరిచిన మెట్లమీద వాటిని షిగెమి తన చేత్తోనే సర్దింది. నానావో బొమ్మల దగ్గరే పడుకుంటానని మారాం చేస్తే పక్క అక్కడే వేశారు.

పండగ ఇంకా రానే లేదు, దగ్గు తిరగబెట్టింది. ఈసారి రాత్రింబవళ్లూ అదే. చిహయ పిల్లను తీసుకుని పుట్టింటికి పోతానంది. ఆ పిల్ల తనంతట తాను ఒక మాట అనడం అదే మొదలు. కోహెయ్ కూడా కాదనలేదు. పిల్లను ఒకసారి తీసుకెళ్తే మళ్లీ కొడుకింట్లో కాలు పెట్టనివ్వరని షిగెమికి భయం పట్టుకుంది.

"నా పూతే చెడిందయ్యా. రేపు మళ్లీ చల్లుతాను, నువ్వు తోడు రా" అంది నాతో. ఆవిడ తన పనిని తప్పు పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వెళ్లాం. గడపలో చిహయ పెట్టె సర్ది ఉంది. బొమ్మల గదిలో అడుగుపెడితే కన్ను పొడుచుకున్నా కనబడదు. కిటికీల చెక్క తలుపులన్నీ మూసి ఉన్నాయి.

"ఇదేంటండీ, పట్టపగలు" అన్నాను.

"పట్టు వెలిసిపోదూ? ఎండ తగలనివ్వొద్దని నేనే చెప్పా..."

ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది. చేతిలో సామాను కింద పెట్టి, నేరుగా వెళ్లి తలుపులన్నీ బార్లా తీసేసింది. ఎండ వచ్చి రాణి బొమ్మ ఒళ్లో పడింది. ఆవిడ ఆ వైపు చూడనైనా లేదు. గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు తిరిగింది.

"పూతకు వెలుతురే అన్నమని నీకు తెలీదుటే అమ్మాయ్? నాతో పనికొచ్చినదానివి."

"తెలుసత్తయ్యా."

"తెలిసీ?"

"మీ అమ్మగారి బొమ్మలు. మీరే మూసి ఉంచమన్నారు. మీకు ఎదురు చెప్పడం కంటే పుట్టింటికి పోవడమే తేలికనిపించింది."

షిగెమి చాపమీద కూలబడింది. తరవాత కోడలి ముందు తల నేలకు ఆనేలా వంగింది. అత్తగారు కోడలికి అలా వంగడం మా వైపు ఎవరూ ఎరగరు. చిహయ కంగారుపడి తనూ వంగింది. ఇద్దరిలో ఎవరు ముందు లేవాలో తెలియక అలాగే ఉండిపోయారు. నేను గోడ చూస్తూ నిలబడ్డాను.

"ఇకమీద నేను తప్పు చేస్తే నా మొహానే చెప్పు. నా ముక్కు మీద కోపం సంగతి నేను చూసుకుంటాను" అంది షిగెమి.

ఆ నెలాఖరుకు దగ్గు తగ్గింది. తీసిన తలుపుల్లోంచి వచ్చిన గాలి తగ్గించిందో, పూత తగ్గించిందో తేల్చి చెప్పలేను. షిగెమి మాత్రం పూతేనంటుంది. రాణి బొమ్మ పట్టుబట్ట ఒక పక్క వెలిసింది.

పండగనాడు నన్నూ భోజనానికి పిలిచారు. షిగెమి స్వయంగా, పండగకు చేసే ఆల్చిప్పల చారు కాచి అందరికీ పోసింది. చిహయ ఒక గుక్క తాగి గిన్నె కింద పెట్టింది. కాసేపు మొగుడి వంక చూసింది, ఆ తరవాత అత్తగారి వంక.

"అత్తయ్యా, ఉప్పెక్కువైంది."

కోహెయ్ చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి. షిగెమి మొహం ఎర్రబడింది. లేచి అందరి గిన్నెలూ తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. మళ్లీ కాచిన చారు మొదట కోడలి ముందు పెట్టి, ఆమె రుచి చూసేదాకా కూర్చోకుండా నిలబడే ఉంది.