ఫైనల్ ఎగ్జిట్

నిన్న నాన్న పాత పాస్‌పోర్టులో మడతపెట్టిన కాగితం దొరికింది. నా చిన్ననాటి వంకర ఇంగ్లీషులో, ‘ఫైనల్ గెలవండి సార్’ అని ఉంది.

సౌదీలోని ఖఫ్జీలో మాకు ఫుట్‌బాల్ నేర్పిన స్కాట్లండ్ ముసలాయన జీతానికి నాలుగు దేశాల్లో ఆడాడు. ఒక్క ఫైనల్ కూడా ఆడలేదని చెప్పేవాడు. గల్ఫ్ యుద్ధం ముగిసినా కువైట్ చమురు బావుల పొగ మా ఊరిని వదల్లేదు. ఆయన దగ్గుతూనే ఈల ఊదేవాడు. ఒక వారం మైదానానికి రాలేదు.

కంపెనీలో వీసా కాగితాలు చూసే నాన్న ఇంటికొచ్చి అమ్మతో మెల్లగా అన్నాడు.

“కోచ్ సార్‌కు ఫైనల్ ఎగ్జిట్ కొట్టిండ్రు.”

నేను ఎగిరి చప్పట్లు కొట్టాను. “సార్ ఫైనల్ ఆడ్తడా నాన్నా?”

“ఆ బిడ్డా, ఆడ్తడు.”

సార్‌కివ్వమని అప్పుడే ఈ కాగితం నాన్నకు రాసిచ్చాను.

సౌదీని శాశ్వతంగా వదిలి వెళ్లేవాళ్ల పాస్‌పోర్టులో వేసే ఆ ముద్ర, శవమై వెళ్లేవాళ్లకూ వేస్తారని పెద్దయ్యాక తెలిసింది. నాన్న దీన్ని ఎవరికివ్వగలడు?