సీదాగా వచ్చిన కారు

మా బావ పోయాడని కుంభారి నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండు రా. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగిండు, గంతే" అంది. ఎవరినీ కొట్టకుండా, తిట్టకుండా ఆయన చేసిన పని బహుశా అదొక్కటే.

దహనం దగ్గర మా పేట, దాజీ పేట్, సగం కనిపించింది. వచ్చినవాళ్లలో చాలామంది ఒంటి మీద బావ గుర్తులున్నాయి. ఒకాయన కనుబొమ్మ మీది చీలిక చూపించి, ఇది పానా విసిరినప్పటిది అన్నాడు. ఇంకొకాయన, చెంపదెబ్బకు వినికిడి తగ్గిన చెవి ఇదేనన్నాడు, కాస్త గర్వంగానే. అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు మాత్రం, తానే బావ కాలు విరగ్గొట్టిన డ్రైవరు. ఆ సంగతే చెబుతాను. కాకపోతే కొంచెం చుట్టు తిరిగి వస్తాను.

మా పేటలో మర్యాద కూడా కొట్లాటలాగే వినిపిస్తుంది. పవర్‌లూమ్‌ల మోతలో పెరిగినవాళ్లం కదా, అన్నం తిన్నావా అని అడిగినా పక్క గల్లీవాళ్లు తలుపు తీసి చూస్తారు. బావ ఆ మోతలోనే మగ్గాలు బాగుచేసే జాబరు. కార్ఖానా మూతపడ్డాక అవే పానాలతో పాత కార్లు పట్టుకున్నాడు. ఇనుమును ఆయన ఏనాడూ కొట్టలేదు. బోల్టు రాకపోతే నూనె పోసి బుజ్జగించేవాడు. దాన్ని తెగగొట్టిన మనిషికి ఆ నూనె డబ్బాయే తగిలేది.

కారు వస్తే ముందు ఇంజను తెరిచేవాడు కాదు. నేల మీద కూర్చుని, బట్టలో పోగు తప్పిన చోటు వెతికినట్టు, కళ్లు మూసుకుని టైరు మీద అరచెయ్యి నడిపించేవాడు. ఒక అంచే అరిగి ఉంటే, కొత్త టైరు వేస్తానన్నవాణ్ణి తిట్టేవాడు. "ఏడ్సేటోని చెంప గాదు, కొట్టినోని చెయ్యి సూడు" అనేవాడు. ఏడ్చేది టైరు. కొట్టేది లోపల ఏ వంగిన కడ్డీయో, అరిగిన బేరింగో. కొత్త టైరు వేస్తే ఏడవడానికి కొత్తవాడొస్తాడు, అంతే తేడా.

ఆ డ్రైవరు ఒకప్పుడు నేతగాడే. కుంభారిలో బీడీలు చుట్టే ఆడవాళ్లను, చుట్టిన బీడీల తట్టలతో సహా, పాత కారులో దాజీ పేట్ బీడీ కార్ఖానాకు తెచ్చేవాడు. పోయిన ఎండాకాలం ఆ కారు ముందు ఎడమ టైరు లోపలి అంచు కొరికినట్టు అరిగిపోయింది. పైగా బ్రేకు తొక్కితే బండి ఎడమకు గుంజేది. అవి రెండు వేరే రోగాలు, కారు వదిలిపో అన్నాడు బావ. ట్రిప్పులు ఆగిపోతాయని వాడు వదల్లేదు. సొంత వైద్యం చేసుకున్నాడు.

ఆ వైద్యం మాలో ఎవరైనా చేసేదే. మగ్గంలో నూలు చుట్టిన బీముకు రెండు చివర్లా బరువులు కడతాం. బట్ట ఒక అంచు బిగుసుకుంటే ఆ వైపు బరువు తగ్గిస్తాం, సరిపోతుంది. వాడు అలాగే ఎడమ చక్రం బ్రేకు వదులు చేశాడు. గుంజడం ఆగిపోయింది. ఆ సంతోషంతో, నిండా ఆడవాళ్లున్న కారును బావ షెడ్డు ముందు ఆపాడు. ముందు సీట్లో, తన తట్టతో మా అక్క. నేనప్పుడు షెడ్డులోనే ఉన్నాను.

"సూడు మామా, ఇప్పుడు సీదా నడుస్తది."

బావ వంగి రెండు ముందు చక్రాలూ తాకాడు. బ్రేకు పట్టే చక్రం వేడెక్కాలి; కుంభారి నుంచి ఆగుతూ ఆగుతూ వచ్చిన బండికి రెండూ చల్లగా ఉన్నాయి. ఆయన మొహం మారిపోయింది.

"ఎడమకు గుంజిందంటే ఎడమది బతికున్నట్టు, అల్లుడా. సచ్చింది కుడిది. బతికున్నదాన్ని గుడ సంపినవ్. దిగుండ్రి అందరు."

ఎవరూ దిగలేదు. ఆలస్యమైతే కార్ఖానా గేటు మూస్తారు. "మాల్ వాపస్ అయితే నువ్వు చుడతవా బీడీలు?" అంది అక్క. డ్రైవరు చాబీ తిప్పాడు.

బావ ఇనుప కడ్డీ తీసి ముందు అద్దం పగలగొట్టాడు. గాజుముక్కలు అక్క ఒళ్లో పడ్డాయి. ఆమెను రెక్క పట్టి బయటికి ఈడ్చాడు. ఆమె గల్లీ అంతా చూస్తుండగా ఆయన చెంప పగలగొట్టింది. మిగతా ఆడవాళ్లు దిగి, ఆయన ఏడు తరాలనూ తిట్టి, తట్టలెత్తుకుని నడక మొదలుపెట్టారు. అక్క వాళ్లకంటే ముందు. డ్రైవరు దిగి గుద్దిన గుద్దుకు బావ నోరు చిట్లింది. బావ కడ్డీ వాడి భుజం మీద పడింది. వాడు ఎర్రబడ్డ కళ్లతో మళ్లీ కారెక్కాడు.

భయపెడదామనుకున్నానంతేనని వాడు తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో. ఎదురుగా నిలబడ్డ బావ మోకాళ్ల దాకా తెచ్చి ఆపుదామనుకున్నాడట. బ్రేకు తొక్కాడు. కారు ఎటూ గుంజకుండా, గీత గీసినట్టు వచ్చి బావను షెడ్డు గోడకు నొక్కేసింది. ఎముక విరిగిన చప్పుడు చుట్టుపక్కల మగ్గాల మోతలోనూ నాకు వినిపించింది.

బండిని వెనక్కి నెట్టాం. డ్రైవరు బావ కాళ్ల దగ్గర కూలబడి నెత్తి బాదుకుంటున్నాడు. బావ వాణ్ణి చూడటం లేదు. గల్లీ చివరికి చూస్తున్నాడు. నేను అక్కను పిలవబోతే నా చొక్కా పట్టుకున్నాడు.

"పిలవకు బామ్మర్దీ. గేటు బంద్ అయితది, పోనియ్."

తట్టలు నెత్తిన పెట్టుకుని వాళ్లు వరసగా పోతున్నారు, ఇంకా తిడుతూనే. ముందు నడుస్తున్న అక్క కొంగు దులిపింది. గాజుపొడి ఎండలో ఒక్కసారి మెరిసి రాలింది.